చెట్టెక్కే బిడ్డ, కింద నేను

నా బిడ్డకు అప్పుడు నాలుగేళ్ళు, నాకు ఇరవై మూడు. ఆదిలాబాద్ జిల్లాలో బొగ్గు పనికి కుదిరిన నా భర్త వెంట కరీంనగర్ పక్కనున్న మా పుట్టింటి ఊరు విడిచి వచ్చి ఏడాది కావస్తోంది. మాది నేతవాళ్ళ ఇల్లు. మూడు మగ్గాలు, పద్నాలుగు మంది మనుషులు. అక్కడ పిల్లల్ని ఎవరూ ప్రత్యేకంగా కనిపెట్టుకుని ఉండరు, అలాగని పట్టించుకోని వాళ్ళూ ఉండరు. పాకుతూ గడప దాటబోయే పిల్లను ఎవరో ఒకరు మగ్గం మీద ఆడే నాడె ఆపకుండానే కేకేసి వెనక్కి పిలిచేవారు.

ఇక్కడ క్వార్టర్ల వరసలో మాది చివరి ఇల్లు. ఒక గది, వంటకు ఒక మూల, వెనక ముళ్ళదడి. దడి అవతల, అడవి నరికినప్పుడు ఎందుకో వదిలేసిన ఒకే ఒక్క ఇప్పచెట్టు. పక్కింటివాళ్ళు ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళు. ఆ ఇంటామె మాట నాకు తెలియదు, నా మాట ఆమెకు తెలియదు. నల్లా దగ్గర ఎదురుపడితే నవ్వుకునేవాళ్ళం. నవ్వు అయిపోయాక ఏం చెయ్యాలో తోచక ఎవరి బిందె వాళ్ళం ఎత్తుకునేవాళ్ళం. నా భర్త పనికి పోయింది మొదలు తిరిగి వచ్చేదాకా బిడ్డతో తప్ప నోరు విప్పే పని ఉండేది కాదు.

ఆ బిడ్డేమో నేల మీద నిలిచేది కాదు. నడక వచ్చిన కొత్తలోనే మంచం పట్టె మీద నడిచింది. కట్టెల మోపు ఎక్కింది, గోడ ఎక్కింది. ఒకరోజు నేను నీళ్ళు తెచ్చేసరికి ఇంటి పెంకుల కప్పు అంచున కూర్చుని కాళ్ళు ఊపుతోంది. నేను అరవలేదు. అరిస్తే ఉలిక్కిపడి జారుతుందని కొంగు నోట్లో కుక్కుకున్నాను. బిందె దించి, గోడ పక్కన మంచం నిలబెట్టి, మెల్లగా దించుకున్నాను. దించాక మాత్రం కొట్టాను. కొట్టి నేనే ఎక్కువసేపు ఏడ్చాను.

మర్నాటి నుంచి నీళ్ళకు పోయేటప్పుడల్లా పాతచీర పేలిక దాని నడుముకు చుట్టి మంచం కోడుకు కట్టేసేదాన్ని. మొదట్లో ఏడ్చేది. తర్వాత ఏడుపు మానేసి, పేలిక సాగినంత దూరం వచ్చి, వాకిలి వైపు చూస్తూ నిలబడేది.

ఒకనాడు నా భర్త నాకంటే ముందే ఇంటికొచ్చి అది చూశాడు.

"ఏంది గిది? లేగను కట్టేసినట్టు కట్టేసినవ్?"

"ఏం జెయ్యాలె మరి? పడితే ఎవలు దిక్కు? మా ఇంట్ల లెక్క ఈడ పది మంది ఉన్నరా?"

ఆయన వంగి ముడి విప్పబోయాడు. ముడి బిగిసిపోయింది, ఆయన వేళ్ళకు బొగ్గు.

"నేను దినాం బొగ్గుబాయిల దిగి, ఎనిమిది గంటలు భూమి కింద ఉండొస్త," అన్నాడు చివరికి. "గిదన్న జర పైకి పోనియ్యి."

"నీకు భయం లేదా?"

"ఎందుకు లేదు? మస్తు భయం. గందుకే నేర్పుత."

ఆ ఆదివారం బిడ్డను ఇప్పచెట్టు దగ్గరికి తీసుకుపోయాడు. గనిలో పైకప్పు కింద అడుగు పెట్టే ముందు కట్టెతో కొట్టి చప్పుడు వింటారట. దానికీ అదే చెప్పాడు. "ముందుగాల కొమ్మను కొట్టి సూడు, బిడ్డా. గట్టిగ పలికితే కాలు పెట్టు. డొల్లగ పలికితే పెట్టకు. నేను ఎత్తి ఎక్కియ్య, పట్టి దించ. నువ్వు దిగచ్చినంతనే ఎక్కు." బిడ్డ చిన్న పిడికిలితో కొమ్మను కొట్టి, చెవి ఆనించి వినేది. మొదటి కొమ్మకు చేరడానికి దానికి నాలుగు రోజులు పట్టింది. నేను కింద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా చూసేదాన్ని. దాన్ని కట్టెయ్యడం మానేశాను.

వానాకాలం మొదట్లో, పొద్దున ఒక జల్లు పడి వెలిసింది. నల్లా వచ్చే వేళ. "నేనచ్చేదాక ఎక్కకు" అని చెప్పి బిందె పట్టుకుని పోయాను. తిరిగి వచ్చేసరికి దడి అవతల నుంచి ఏ చప్పుడూ లేదు. ఆ చప్పుడు లేకపోవడంతోనే నాకు తెలిసిపోయింది. చెట్టు కింద పడి ఉంది. ఎడమచెయ్యి మోచేతి కింద వంకర పోయింది. ఏడవడం లేదు.

"అవ్వా, కొమ్మ మంచిగనే పలికింది," అంది నన్ను చూసి. "గాని కాలు జారింది."

దాన్ని భుజాన వేసుకుని దవాఖానకు పరుగెత్తాను. దారిలో ఎవరెవరో పలకరించారు, ఒక్కరి మొహమూ గుర్తులేదు. చేతికి సిమెంటు కట్టు వేశారు. సాయంత్రం నా భర్త వచ్చి, విని, కాళ్ళు కూడా కడుక్కోకుండా బయట అరుగు మీద కూర్చున్నాడు. తిడతాడేమోనని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది.

"తడి సంగతి నేను చెప్పలే," అన్నాడు, తనతో తానే అనుకుంటున్నట్టు.

కట్టు విప్పేదాకా నెల పైన పట్టింది. విప్పాక బిడ్డ చెట్టు వంక చూడలేదు. గోడ ఎక్కలేదు, మంచం పట్టె కూడా ఎక్కలేదు. పొద్దస్తమానం గడప మీద కూర్చుని, సన్నబడిన చేతిని ఒళ్ళో పెట్టుకుని ఉండేది. నేను కోరుకున్నది అదే కదా. పిల్ల నేల మీద ఉంది, పదిలంగా ఉంది. ఆ ఇంట్లో అప్పుడు పొయ్యిలో కట్టె చిటపటలు కూడా వినబడేవి. నాతో మాట్లాడే ఒక్క మనిషీ మాట్లాడడం మానేసింది.

పుట్టింటికి కార్డు రాయించాను. అన్న జవాబు రాశాడు: పిల్లను ఇక్కడికి పంపు, ఇక్కడ చూసుకునేవాళ్ళు ఉన్నారు. నా భర్త చదివి వినిపించి, "నీ ఇష్టం" అన్నాడు. రెండు రోజులు ఆలోచించాను. దాని గౌన్లు ఉతికి మడత కూడా పెట్టాను. మడత పెడుతుంటే ఆ బట్టలు గుప్పెడు కూడా లేవు. అవి పోతే ఈ ఇంట్లో ఇంకేం మిగులుతుందనిపించింది.

మరుసటి రోజు మధ్యాహ్నం నేను చీర గోచీ పెట్టి బిగించి ఇప్పచెట్టు దగ్గరికి పోయాను. పుట్టి బుద్ధెరిగాక నేను చెట్టెక్కలేదు. బోదె పట్టుకుని కాలు ఎక్కడ పెట్టాలో తెలియక వేలాడుతుంటే, వెనక దడి దగ్గర అడుగుల చప్పుడు.

"అవ్వా, గా కాలు కాదు! గీ కాలు!"

వెనక్కి చూడలేదు. చెప్పిన కాలే పెట్టాను.

"కొట్టి సూసినవా?"

"లే, బిడ్డా."

"కొట్టు మరి!"

కొట్టాను. చెయ్యి చుర్రుమంది. మొదటి కొమ్మ మీదికి పొట్ట ఆనించి ఎలాగో పాకాను. అరుపులు విని పక్కింటామె పరుగున వచ్చింది. పెళ్ళయిన ఆడది చెట్టు మీద కనబడేసరికి "అరే రామ్!" అని నోటి మీద చెయ్యి వేసుకుంది. అంతలో నా బిడ్డ బోదె పట్టుకుంది. కుడిచేత్తోనే బరువంతా మోస్తూ, ఎడమచేతిని ఊరికే ఆనిస్తూ. నా చేతులు కిందికి పోబోయాయి. ఆపుకున్నాను. పక్కింటామె మాత్రం చెట్టు కిందికి వచ్చి, రెండు చేతులూ చాచి, అది నా పక్కకు చేరేదాకా దించకుండా నిలబడింది.

బిడ్డను పుట్టింటికి పంపలేదు. ఆ తర్వాత అది ఇంకా చాలా ఎక్కింది, ఒకసారి పడి గడ్డం కూడా పగలగొట్టుకుంది. నా భయం ఎన్నడూ తగ్గలేదు, ఆ భయాన్ని లోపలే పెట్టుకుని నిలబడడం అలవాటైందంతే.

నేను చెట్టెక్కిన నాడు పక్కింటామెకు ఏదైనా చెబుదామనుకున్నాను. అంతలోనే ఆమె పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన వచ్చి పరుగెత్తిపోయింది. కొమ్మ మీద మేమిద్దరమే మిగిలాం. దూరంగా రైలు పట్టాల గీత, దాని మీద ఏ బండీ లేదు. కాసేపటికి బిడ్డ దిగింది. నాకే దిగడానికి చాలాసేపు పట్టింది.