బ్రేకు లేని మోటారు

ఏళ్ల తరబడి మోస్తున్న బరువు ఇది. ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా. మీకు చెబుతున్నాను. వింటే జాలిపడతారేమోనని, ఆ జాలి నాకు అక్కర్లేదు కాబట్టే ఇన్నాళ్లూ చెప్పలేదు.

నిజమేనా? కాదు. పరువు పోతుందని చెప్పలేదు. మొదటి మాటే అబద్ధమైతే ఇక రాయడం ఎందుకు?

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో కంప్యూటర్ డిజైన్ పాఠాలు చెప్పేవాణ్ణి. ప్రభాకర్ నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చిన వడ్రంగి. సరూర్‌నగర్‌లో వాళ్ల ఇంటి వెనక రేకుల షెడ్డు ఉండేది. తలుపుల మీద పువ్వులు, చర్చి పీఠాల మీద సిలువలు చేత్తో చెక్కేవాడు. కంప్యూటర్‌లో గీసిన బొమ్మను చెక్క మీద తనంతట తానే చెక్కే సీఎన్‌సీ రూటర్‌ను మనమే తయారు చేసుకుందామన్నాను. చెక్కా ఇనుమూ వాడి వంతు. మోటార్లు, స్క్రూలు, మోటార్లకు కరెంటు అందించి నడిపే డ్రైవర్లు ఎంచడం నా వంతు.

ఎంపిక బాగానే చేశాను. ఈ మాట మీకు నచ్చకపోయినా చెబుతాను. అటూ ఇటూ కదిలే భాగాలకు నేను పెట్టిన మోటార్లు ఇప్పటికీ వెంట్రుకవాసి కూడా తప్పవు. తప్పు చేసింది ఒక్కచోటే, కట్టర్‌ను పైకీ కిందికీ నడిపే మోటారు దగ్గర. అక్కడ చెక్కను పట్టి బిగించే బెంచి వైసుకు ఉండేలాంటి మామూలు మరల స్క్రూ పెడితే బరువు తనంతట తాను జారదు. నేను లోపల ఉక్కు గోళీల మీద తిరిగే బాల్ స్క్రూ పెట్టాను. నున్నగా తిరుగుతుంది, దర్జాగా కనిపిస్తుంది. అంత నున్నగా తిరిగేదానికి, కరెంటు పోయినప్పుడు పట్టి ఆపే బ్రేకు మోటారు ఉండాలి. అది నాకు తెలుసు. కానీ బ్రేకు మోటారు పొడుగెక్కువ, దాన్ని బిగించడానికి నేను గీసిన ప్లేటులో పట్టదు. ప్లేటు మళ్లీ కోయించాలంటే నా డ్రాయింగ్ తప్పని ప్రభాకర్ ముందు ఒప్పుకోవాలి. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. బ్రేకు లేని మోటారే పెట్టించాను.

స్విచ్ ఆపితే కట్టర్ బరువుకు మెల్లగా కిందికి జారడం ఒంటరిగా ఉన్నప్పుడు చూశాను. అప్పటి నుంచి కింద ఒక చెక్క దిమ్మె ఆనించేవాణ్ణి. ఎందుకని ప్రభాకర్ అడిగితే, మోటారుకు విశ్రాంతి అన్నాను. నమ్మాడు. నేను సార్‌ని కదా.

యంత్రం మొదలుపెట్టే రోజు పాస్టరు గారు వచ్చారు. వాళ్ల ఇంట్లో కొత్తది ఏదైనా, దాని మీద చేతులుంచి ప్రార్థించాకే వాడతారు. నలుగురి ముందు అసహ్యంగా ఉంటుందని ఆ దిమ్మె నేనే తీసేశాను. కట్టర్ బిగించే ఉంది. మోటార్లు సన్నగా మోత పెడుతున్నాయి. ప్రార్థనలో ఆ మోత ఎందుకని పాస్టరు గారు నా వైపు చూశారు. మెయిన్ నేనే ఆపాను.

దిమ్మె సంగతి మర్చిపోయానని ఎన్నోసార్లు అనుకుని చూశాను. మర్చిపోలేదు. ఇంత చిన్న ప్రార్థనలో ఏం దిగుతుందిలే అనుకున్నాను. కానీ ముందు రోజే స్క్రూకు కొత్త గ్రీజు రాశాను. మెల్లగా జారేది ఈసారి గబుక్కున దిగిపోయింది. కట్టర్ కింద, యంత్రం బల్ల మీద ప్రభాకర్ వాళ్ల అమ్మ ఎస్తేరమ్మ గారి కుడిచెయ్యి ఉంది. కళ్లు మూసుకుని అందరికంటే ముందు చెయ్యి ఉంచింది ఆవిడే. బ్లౌజులు కుట్టే చెయ్యి అది.

ఎల్బీనగర్ ఆసుపత్రిలో కుట్లు వేశారు. చెయ్యి దక్కింది గానీ రెండు వేళ్లు ఇక మడత పడవన్నారు.

ఇంతవరకూ విని, పొరపాటే కదా అని మీరు నన్ను క్షమించేసి ఉంటారు. తొందరపడకండి.

ప్రభాకర్ ఆసుపత్రిలో ఉండగానే నేను షెడ్డుకు తిరిగి వెళ్లాను. మోటారునూ స్క్రూనూ కలిపే కప్లింగ్ బిగించింది వాడు. అలెన్ కీ పెట్టి నా బరువంతా మోపితే గానీ కదల్లేదు, అంత గట్టిగా బిగించాడు. నేను దాన్ని వదులు చేశాను. కీని మళ్లీ ఉన్నచోటే పెట్టాను. చెయ్యి వణికిందని రాస్తే బాగుంటుంది. వణకలేదు.

సాయంత్రం వాడు వచ్చి కప్లింగ్‌ను వేలితో తిప్పి చూశాడు.

"వదులుగున్నది సార్."

"అవును."

"గట్టిగనే బిగించిన గద. మెయిన్ బంద్ చేసినంకనే ఎట్ల పడ్డది మరి?"

"ఆపినప్పుడు కుదుపు వస్తుంది. వదులుగా ఉంది కాబట్టి జారిపోయింది. నీ తప్పని నేను అనడం లేదు."

"మా అమ్మ చెయ్యి నేనే కరాబ్ చేసిన సార్."

కాదనడానికి ఒక్క మాట చాలు. అనలేదు. వాడి భుజం మీద చెయ్యి వేశాను. కప్లింగ్ వదులు చేసినందుకన్నా, ఓదార్చడానికి ఆ చెయ్యి వేసినందుకే నామీద నాకు ఎక్కువ అసహ్యం.

ఆ తర్వాత వాడు ఉలి పట్టలేదు. యంత్రం మీరే తీస్కపోండ్రి అన్నాడు. తీసుకుపోయాను. తుర్కయంజాల్‌లో నా షెడ్డులో అది రోజూ నడుస్తోంది, ఇప్పుడు బ్రేకు మోటారుతో. వాడు హయత్‌నగర్‌లో ఎవరిదో ఫర్నిచర్ షాపులో సామాన్లు ఎక్కించి దించుతున్నాడు. మొన్నామధ్య ఎస్తేరమ్మ గారు కూరగాయల దగ్గర కనిపించింది. మంచిగున్నవా బిడ్డా అని పలకరించి, కొడుకు ఇప్పటికీ తన ముఖం చూసి మాట్లాడడని చెప్పింది.

ఇన్నేళ్లూ కుంగిపోయానని రాయాలా? కుంగిపోలేదు. తిన్నాను, పడుకున్నాను, ఇల్లు కట్టుకున్నాను. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు, దొరగానే బతికాను. పైవాడు చూస్తున్నాడని నాకు చెప్పకండి. చూసి ఊరుకున్నాడు. క్షమించమని కూడా అడగను. అడిగితే ఎస్తేరమ్మ గారు నిలబడ్డ చోటే క్షమించేస్తుంది, ఆవిడ సంగతి నాకు తెలుసు. అంత సులువుగా దొరికేది నాకు వద్దు.

కానీ ఒక నిజం వాడిది. నా దగ్గర ఉండిపోయింది. అది నా సొంతం కాదు, దాచుకునే హక్కు నాకు లేదు. ఇక్కడ పేర్లు మార్చాను గానీ ఆ దిమ్మెను, ఆ ప్రార్థనను మార్చలేదు. చదివితే వాడు గుర్తుపడతాడు. నా గడప తొక్కి కాలరు పట్టుకుంటాడా? పట్టుకోనీ. రాసేశాక ఊపిరి కాస్త ఆడుతోంది, అందుకు కూడా నేను సిగ్గుపడను.

ప్రభాకర్, నువ్వు గట్టిగానే బిగించావు. వదులు చేసింది నేను. వెళ్లి మీ అమ్మ ముఖం చూసి మాట్లాడు.