ఎవరూ తిట్టని ఆస్పత్రి

సర్కారు కొలువు మేలా, ధర్మసంస్థ కొలువు మేలా అని ఎవరైనా అడిగితే, ఆ రోజుల్లో ఠక్కున చెప్పేదాన్ని, ధర్మసంస్థే అని. రెండుచోట్లా మిడ్‌వైఫ్‌గా చేసినదాన్ని కాబట్టి ఆ మాట అనే హక్కు నాకుందనుకునేదాన్ని. ఇప్పుడడిగితే ముందు ఈ సంగతి చెప్తాను.

మొదట చేసింది కళింగపట్నం వేపు ఒక సర్కారు ఆస్పత్రిలో. ఆస్పత్రంటే ఒక పెంకుటిల్లు, ముందు వసారా, పక్కన జీపు. ఆ జీపు కదిలిన రోజున ఊరంతా అదే చెప్పుకునేవారు. టైరుంటే డ్రైవరుండడు, డ్రైవరుంటే పెట్రోలుకి పైనుంచి సంతకం రాలేదనేవాడు. దూది కావాలని ఇండెంటు పెడితే, పెట్టిన సంగతే నేను మర్చిపోయాక వచ్చేది. కాంపౌండరు తీరిగ్గా వచ్చి, అన్ని రోగాలకీ ఒకే ఎర్రమందు సీసాల్లో పోసి, పెందరాళే తాళం వేసీసేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. ఏటయ్యా ఇది అంటే, "నీకెందుకమ్మా, ఒకటో తారీకుకి జీతం అందలేదా ఏటి?" అని నవ్వేవాడు.

అయితే అక్కడ తిట్లుండేవి. చేపలు పట్టే వాడలోంచి ఆడవాళ్లు వచ్చి, మందు లేదంటే వసారాలోనే నిలబడి దులిపీసేవారు. ఒకసారి బిడ్డకి సూది వెయ్యడానికి సూదే లేదన్నామని ఒకావిడ డాక్టరు గారి గది ముందు కూర్చుండిపోయింది. "మా ఓట్లు కావాల గానీ మా పిల్లలక్కర్నేదేటి? నానిక్కడినుంచి లెగను. నీ పైవోడెవుడో సెప్పు, ఆడికాడికెల్తాను" అంది. వెళ్లింది కూడా. పంచాయతీ సమితి ప్రెసిడెంటు ఇంటిముందు గోల చేసింది. ఆయన పైకి రాయించాడు, శ్రీకాకుళం నుంచి మెమో దిగింది, డాక్టరు గారు తల పట్టుకుని సంజాయిషీ రాసుకున్నారు. సూదులొచ్చాయి. ఆలస్యంగానే, అరకొరగానే, అయినా వచ్చాయి. అప్పట్లో నాకదంతా ఉత్త రభసలాగే కనిపించింది. ఛీ, ఇదేం కొలువు అనుకుని మానేశాను.

తరవాత చేరింది శ్రీకాకుళంలో ఒక ధర్మసంస్థ నడిపే ఆస్పత్రిలో. అవి అరవైల చివరి సంవత్సరాలు. ఓలమ్మ, రెంటికీ ఎంత తేడా. నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చు. కాగిన నీళ్లు ఎప్పుడూ సిద్ధం. చెప్పిన మాట రెండోసారి చెప్పక్కర్లేదు. ఆలస్యంగా వచ్చినవాళ్లని సంస్థ కార్యదర్శి గారు గుమ్మంలోంచే ఇంటికి పంపించేసేవారు, మళ్లీ రమ్మనేవారు కాదు. అలాగని కఠినుడేం కాదు, రోగి మూలిగితే ఆయన కళ్లలో నీళ్లు తిరిగేవి. వారానికోసారి, లచ్చివారం నాడు, మందుల వేను కళింగపట్నం వేపు వెళ్లేది. అందులో ఒక డాక్టరమ్మ, నేను. పాత ఆస్పత్రి మీదుగా పోతుంటే, కదలకుండా పడున్న ఆ జీపుని చూసి నవ్వుకునేదాన్ని. పొగరు, మరేటి.

అదే వాడ, ఆ ఆడవాళ్లే. కానీ మమ్మల్ని ఒక్కరూ తిట్టలేదు. మందు అయిపోయిందంటే "పర్నేదమ్మా, పై వారం ఇద్దురు" అనేవారు. ఎంతసేపు ఇసకలో కూర్చోబెట్టినా, మమ్మల్ని చూడగానే లేచి దండం పెట్టేవారు. అది మా మీద గౌరవమనుకున్నాను.

ఆ వాడలో ఒక పడుచుపిల్ల ఉండేది. తొలిచూలు బిడ్డ పురిట్లోనే పోయింది. ఇది మలిచూలు. పొట్ట మీద చెయ్యి వేసి చూస్తే బిడ్డ అడ్డంగా ఉంది. డాక్టరమ్మ కూడా చూసి, ఇది ఇంట్లో అయ్యే కాన్పు కాదు, వచ్చే లచ్చివారం మా వేనులోనే శ్రీకాకుళం తీసుకుపోతాం, బట్టలు మూట కట్టుకుని రోడ్డు మీదకి రా అంది. "ఈపాలి దక్కుతాదా అమ్మా?" అని ఆ పిల్ల నన్నడిగింది. దక్కుతాదే అన్నాను.

ఆ లచ్చివారం ఇంకా రాకముందే కార్యదర్శి గారు మమ్మల్ని పిలిచారు. మద్రాసు నుంచి దాతలొస్తున్నారు, వాళ్లు రైలు దిగీ దిగగానే మన పని చూపించాలి, ఇకనించి వేను స్టేషను పక్కనున్న కొత్తవలస వేపు తిప్పుదాం అన్నారు. కాఫీ తాగుతూ అనుకున్నారు, గ్లాసు కింద పెట్టేలోగా తేలిపోయింది. "మరి కళింగపట్నం వేపు వాళ్లకి ఎవరు చెప్తారండీ? అక్కడో నిండుచూలాలుంది" అన్నాను. "కబురు పంపుదాంలే అమ్మా" అన్నారు. ఆయన ఎవరితోనో చెప్పారు, ఆ ఎవరో ఇంకెవరికో చెప్పారు. నా మనసు ఊరుకోక నేనూ బస్సు కండక్టరుతో చెప్పి పంపాను. ఆ కబురు బస్సు ఆగేచోట ఉన్న టీ దుకాణం దాటలేదని తరవాత తెలిసింది. అదే సర్కారైతే, జీపు దారి మార్చాలంటే సంతకాలకే ఏడాది పట్టేది. ఈలోగా సంగతి పొక్కి వాడ వాడంతా సమితి ఆఫీసు మీద పడేది. నేను అంతగా ఈసడించుకున్న ఆ జాప్యమే ఆ పిల్లని కాచేది.

లచ్చివారం పొద్దున్నే ఆ పిల్ల అత్తతో వచ్చి రోడ్డు పక్కన కూర్చుంది. మధ్యాహ్నానికి నొప్పులు మొదలయ్యాయి. సర్కారు ఆస్పత్రి ఎడ్లబండి మీద వెళ్లేంత దూరమే. అత్త పోదామంది. "ఆలొస్తారత్తా, మాటిచ్చినారు. మనం ఎల్లిపోయినాక వొస్తే?" అందిట ఈ పిల్ల. పొద్దు వాలేదాకా అలా చూసి చూసి, అప్పుడు బండెక్కించారు. సర్కారు డాక్టరు గారు తన చేతిలో పని కాదని, తిట్టి కొట్టి డ్రైవర్ని లేపి, ఆ జీపులోనే శ్రీకాకుళంలో సర్కారు పెద్దాస్పత్రికి తెచ్చారు. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

దీని మీద దర్యాప్తు జరిగింది. ఎవరి మీదో తెలుసా, ఆ సర్కారు డాక్టరు గారి మీద. అత్త వెళ్లి ప్రెసిడెంటు ముందు గుండెలు బాదుకుంది మరి. జీపు బయల్దేరడానికి అంతసేపెందుకైందని అడిగితే పాపం ఆయనే సంజాయిషీ రాసుకున్నారు. మా ఆస్పత్రిలో అందరం ఒకచోట చేరాం. కార్యదర్శి గారు నిజంగానే ఏడ్చారు. "దీనికి జవాబు చెప్పాల్సింది ఎవరండీ?" అని నేనంటే అందరూ నావేపు వింతగా చూశారు. "మనం చేసేది సేవ కదమ్మా" అన్నారాయన మెత్తగా. అక్కడితో సరి. పై వారం కూడా వేను కొత్తవలసే వెళ్లింది.

కొన్నాళ్లకి ఆ పిల్ల మొగుడు ఎండుచేపలు అమ్ముకోడానికి శ్రీకాకుళం వచ్చి, మా గేటు దగ్గర నిలబడి నన్ను పిలిపించాడు. తిడతాడనుకున్నాను. చెప్పొద్దూ, తిడితే బాగుణ్ణనుకున్నాను.

"వేను ఏ వారం వొస్తాదమ్మా ఇప్పుడు?" అన్నాడు.

"ఇంక రాదు నాయనా."

"మా తమ్ముడు పెల్లానికి నెల్లు నిండుతన్నాయి."

"సర్కారాస్పత్రికి తీసుకెళ్లండి. చూడకపోతే అడగండి, తిట్టండి. ముందు నువ్వు లోపలికి రా. మీ వాడకి ఎందుకు రాలేదో మా పెద్దాయన్ని అడుగు, పద" అని చెయ్యి పట్టుకున్నాను.

అతను చెయ్యి విడిపించుకుని వెనక్కి తగ్గాడు. "మిమ్మల్నేటడుగుతామమ్మా. దరమానికి సేసినోలు. వొచ్చినన్నాల్లు వొచ్చినారు, అదే సాలు." తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మా మరదలు ఆ రోడ్డు మీదే కూకుంటానంటన్నాది. మీ వేను ఏ రోజైనా అటేపొస్తే, ఓపాలి ఆపండి."