బాత్రూంకు ఉరకని రోజు

నేను బస్సు కండక్టర్‌ను. పెద్దపేగుల పుండ్ల జబ్బుతోటి ఆరేండ్లు తిప్పలువడ్డ. మహబూబ్‌నగర్ నుంచి దేవరకొండ దాక ఏ బస్టాండుల పాయిఖాన ఎక్కడున్నదో, దేనికి గొళ్లెం లేదో నాకు నోటికొచ్చు. మందులు పనిచేయక, ఆఖరికి హైదరాబాద్‌ల ఆపరేషన్ చేసి పెద్దపేగు తీసేసిన్రు. సన్నపేగు కొసనే మలిచి లోపల సంచి లెక్క కుట్టిన్రు. అది మానేదాక కొన్ని నెలలు మలం పడేటందుకు కడుపు మీద ఇంకో సంచి. తర్వాత ఇంకో ఆపరేషన్ చేసి, పైసంచి తీసేసి ఇంటికి పంపిన్రు.

ఇంటికొచ్చినంక రోజుకు పన్నెండుసార్లు ఉరుకుడే. నేను లేస్తే చాలు, ఇంట్లోళ్లు దారి ఇడిసేటోళ్లు. మక్కలసొంటి అరగనియి తినొద్దని, జ్వరమొచ్చినా, నెత్తురు పడ్డా, కడుపు ఉబ్బి వాంతులైనా, పోవుడు బందైనా ఆగకుండ రావాలని హైదరాబాద్ నర్సమ్మ పంపేటప్పుడే చెప్పింది. నా భార్య అంత మనసుల పెట్టుకున్నది. నాకు ఆఖరి మాట చెవికెక్కనే లేదు.

శ్రావణంల ఒకనాడు పొద్దుగూకే యాళ్లకు అమ్మ చేన్లకెల్లి మక్కకంకులు తెచ్చి కాల్చింది. నా భార్య పెరట్ల ఉన్నది. రెండు కంకులు గబగబ బుక్కిన.

తెల్లారి ఒక్కసారి గూడ ఉరకలె. అమ్మ సంబురం చూడాలె! "నా కొడుకుకు నిమ్మలమైంది" అని పక్కింటామెకు చెప్పొచ్చింది. నేను గూడ కాలు మీద కాలేసుకొని కూసున్న. పగటీలికి కడుపు డోలు లెక్క బిగిసింది.

నా భార్య వచ్చి అడిగింది: "పొద్దటిసంది ఎన్నిసార్లు పోయినవ్?"

"ఒక్కసారి గూడ పోలె. మంచిదే గదా!"

"గాలన్నా పోయిందా?"

"లేదు."

"అయితే మంచిది కాదు. లే, దవాఖానకు పోదం."

"సాయంత్రం దాక చూద్దం తియ్" అంటుండంగనే వాంతయింది. ఇగ ఆమె నా మాట ఇనలె.

అమ్మతోటి ముగ్గురం ఆటోల మహబూబ్‌నగర్ దవాఖానకు పోయినం. ఎక్స్‌రే చూసి డాక్టర్, "పేగుల అడ్డం పడ్డది. ఏం తిన్నవ్?" అన్నడు. నేను అమ్మ దిక్కు చూసిన. అమ్మ నేల దిక్కు చూసింది.

"కంకులు" అన్న, సన్నగ.

హైదరాబాద్ డాక్టరుతోటి ఫోన్ల మాట్లాడి, ముక్కులకెల్లి కడుపులకు పైపేసి సెలైన్ ఎక్కించిన్రు. "యాళ్లకు తెచ్చినవమ్మా, లేటయితే మళ్ల కోయాల్సి వస్తుండె" అని డాక్టర్ నా భార్యతోటి అన్నడు.

మూడోనాడు పొద్దుగాల, అందరు టిఫిన్ తింటుండంగ, గాలి పోయింది. వార్డంత ఇనవడ్డది. సిగ్గయి దుప్పటి కప్పుకున్న. వార్డు నర్సమ్మ "శభాష్ అన్నా!" అన్నది. పక్క మంచం తాత బోసినోటితోటి పకపక నవ్విండు. అమ్మ కండ్లు తుడుసుకున్నది. అంతల్నే నేను బాత్రూంకు ఉరికిన. సెలైన్ సీసా పట్టుకొని నా భార్య ఎంబడి ఉరికింది.

ఇప్పుడు మళ్ల డ్యూటీకి పోతున్న. మెత్తగ నమిలి తింటున్న, నీళ్లు బాగ తాగుతున్న. రోజుకు ఆరేడుసార్లు పోవుడు తప్పదు. ఎనకట ఆ ముచ్చట ఎవరన్నా అడిగితే మాట మార్చేటోన్ని. ఇప్పుడు అడిగినోళ్లకు ఉన్నదున్నట్టు చెప్పేస్త.