కాలరు కుట్టు

కరాటేలో ఉత్త గాలిని గుద్దాలి, జూడోలో బట్ట పట్టుకుని పోరాడొచ్చు. అందుకే నలభై ఆరేళ్ల దర్జీ జూడోలో చేరాడు. తన తర్వాత చేరిన బావమరిది అప్పుడే మాస్టారికి తలలో నాలుకయ్యాడు. దర్జీ ఇంకా పడటమే నేర్చుకుంటున్నాడు. తన తెల్ల బెల్టు బిగించుకునేటప్పుడల్లా వాడి పైమెట్టు పసుపు బెల్టు కంట్లో ఎండలా గుచ్చుకునేది. మొన్న వాడి కోటు కాలరు ఊడితే కుట్టమని దర్జీకే ఇచ్చాడు. ఒక్కసారి లాగితే ఊడిపోవాలని దర్జీ వదులుగా మొదలుపెట్టాడు. పాతికేళ్లుగా కుడుతున్న వేళ్లు మాట వినలేదు. మూడు వరసలు బిగించాకే ఆగాయి.

ఇవాళ వాడితో తలపడుతూ దర్జీ ఆ కాలరే పట్టుకుని బలంకొద్దీ లాగాడు. కుట్టు కదల్లేదు. వాడి విసురుకి తనే గాల్లోకి లేచి చాపమీద వెల్లకిలా పడ్డాడు.

"చూశావా బావా, చెక్కు చెదరలేదు!" అంటూ బావమరిది చెయ్యందించాడు.

"కుట్టిందెవరనుకున్నావురా?" అన్నాడు దర్జీ, ఆ చెయ్యి పట్టుకోకుండానే లేస్తూ.