ఒకటి నొక్కితే మోటారు

కర్నూల్లో నాది ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపు. మా షాపుకు తీరిగ్గా వచ్చే మనిషి ఉండడు. రేపు పుట్టినరోజని ఈరోజు గుర్తొస్తుంది, సాయంత్రం నాయకుడు వస్తున్నాడని మధ్యాహ్నం తెలుస్తుంది. అన్నిటికంటే తొందర చావు ఫ్లెక్సీది. ఫోటో ఫోనుకు పంపి, మనిషిని ఇంట్లోంచి బయటికి తీసేలోపు బోర్డు కట్టాలంటారు. కాదనడానికి నోరు రాదు.

ఏళ్ల తరబడి అలా చేసీ చేసీ ఆ తొందర నా ఒంటికి పట్టింది. అన్నం నిలబడి తినేవాణ్ణి. ఇంట్లో నా భార్య ఏదైనా మొదలుపెడితే "విషయం చెప్పు" అనేవాణ్ణి. విషయం లేని మాటలు చెప్పడం ఆమె ఎప్పుడు మానేసిందో కూడా నాకు తెలియదు. ఆదివారం గుడికి పోవడం మానేశాను, ఆదివారాలే పెళ్లి ఫ్లెక్సీలు ఎక్కువని. దీన్ని కష్టంగా చెప్పుకునేవాణ్ణి గానీ, లోపల గర్వంగానే ఉండేది. ఫోను ఒక గంట మోగకపోతే చెడిపోయిందేమోనని చూసుకునే రకాన్ని.

మా ఊరు పత్తికొండకు ఇవతల. మూడెకరాల చేను, ఒక బోరు, టమాటా. చేను ఇద్దరిదీ, చెమట మా అన్న ఒక్కడిదే. ఆ సంగతి నన్ను గుచ్చుతూ ఉండేది. గుచ్చినప్పుడల్లా ఊరికి వెళ్లి ఒక పూట పని చేసి ఉండొచ్చు. నేను అలా చేయలేదు, ఒక డబ్బా కొన్నాను. దాన్ని మోటారు స్టార్టరుకు తగిలిస్తారు. లోపల సిమ్ కార్డు, కరెంటు లేకపోయినా పలకడానికి చిన్న బ్యాటరీ ఉంటాయి. ఎక్కడినుంచైనా ఆ నంబరుకు ఫోన్ చేసి ఒకటి నొక్కితే మోటారు తిరుగుతుంది, రెండు నొక్కితే ఆగుతుంది. అది ఏం చేసిందో తెలుగులో ఒక ఆడగొంతు చెబుతుంది. డబ్బాకు నా ఫోను నంబరే కట్టించాను. "నువ్వు బటన్ల జోలికి పోవద్దన్నా, నేను చూసుకుంటా" అన్నాను.

నీళ్లు తిప్పడానికి అన్న ఎలాగూ చేలోనే ఉంటాడు. నాలుగడుగులు వేస్తే స్టార్టరు. ఆ డబ్బా అవసరం ఆయనకు లేదు, నాకుంది. రోజూ పదకొండుకు టీ తాగుతూ ఒకటి నొక్కి, కర్నూల్లో కూర్చుని సేద్యం చేస్తున్నానని షాపుకు వచ్చినవాళ్లకు చెప్పుకునేవాణ్ణి. ఆ గొంతు ఏం చెబుతుందో వినేంత ఓపిక కూడా ఉండేది కాదు. నొక్కడం, ఫోను బోర్లా పెట్టడం. అన్న ఏమీ అనలేదు. మోటారు వద్దనుకున్న రోజు మాత్రం ముందే ఫోన్ చేసి చెప్పేవాడు. నేను ఎత్తితే ఎత్తినట్టు, లేకపోతే లేదు.

ఆ రోజు మబ్బు పట్టి ఉంది. వాన పడేట్టు లేదు, ఎండ వచ్చేట్టూ లేదు, గాలి బిగుసుకుపోయి ఉంది. పొద్దున్నే ఒక చావు ఫ్లెక్సీ వచ్చింది. మా చర్చి సంఘంవాళ్లే. నవ్వుతున్న మనిషి ఫోటో, కింద 'ప్రభువునందు నిద్రించిరి' అని రాయాలి. అక్షరాలు సరిచేస్తుండగా అన్న ఫోన్ చేశాడు. కట్ చేశాను. మళ్లీ చేశాడు. మళ్లీ కట్ చేశాను. తర్వాత చేస్తానని ఫోనే ఇంగ్లీషులో ఒక మెసేజ్ పంపింది. మా అన్నకు ఇంగ్లీషు రాదు. మూడోసారి మోగి మోగి అదే ఆగిపోయింది.

పదకొండుకు టీ వచ్చింది. అలవాటు ప్రకారం డబ్బాకు ఫోన్ చేసి, ఒకటి నొక్కి, బోర్లా పెట్టాను.

టీ సగం తాగాక మూడు ఫోన్లు ఎందుకు చేశాడా అనిపించింది. ఆయన ఒకసారికి మించి చేసే మనిషి కాదు. నేను చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేసినా ఎత్తలేదు. వదినకు చేశాను. ఆమె ఇంటి దగ్గర ఉంది. "మీ అన్న మోటారుకాడ ఉండాడు నాయనా. బోరుకాడ వైరు అతుకు కాలిపోయిందంట, అది ఏస్తాండాడు. మోటారు ఎయ్యొద్దని నీకు ఫోన్ చేసి చెప్తానన్న్యాడే, చెప్పలేదా?" అంది.

"చెప్పినాడులే వదినా" అన్నాను.

ఆ అబద్ధం ఎందుకు చెప్పానో ఈ రోజుకూ సరిగ్గా తెలియదు. పోయి చూడు వదినా అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆమె వెళితే అక్కడ ఏం చూడాల్సి వస్తుందోనని నోరు పెగల్లేదు. అది దయ కాదు, పిరికితనం. పక్క చేనివాళ్లకు చెబుదామంటే నా ఫోనులో ఉన్న వందల నంబర్లలో మా ఊరివాళ్లది ఒక్కటీ లేదు. మాట్లాడి ఎన్నేళ్లయిందో.

డబ్బాకు ఫోన్ చేసి రెండు నొక్కాను. మొదటిసారి ఆ గొంతును పూర్తిగా విన్నాను. మోటారు ఆగి ఉంది అని చెప్పింది. ఇప్పుడు నేను ఆపితే ఆగిందా, ముందే ఆగిందా, ముందే ఆగితే దేనివల్ల ఆగింది? అవేవీ అది చెప్పదు. మళ్లీ చేశాను. మళ్లీ అదే మాట, అంతే మర్యాదగా.

షాపు అలాగే వదిలేసి కారు తీశాను. ఆ దారంతా నా ఫోను మోగుతూనే ఉంది. ఇంటినుంచేమోనని మోగిన ప్రతిసారీ మొదటి రింగుకే ఎత్తాను. ఎత్తితే చావు ఫ్లెక్సీవాళ్లు, యాడిదాకా వచ్చిందని. పెళ్లివాళ్లు, పెళ్లికొడుకు పేరులో ఒక అక్షరం మార్చాలని. కొత్తగా ఎవరో, రేటెంతని. నా జీవితంలో ఏ ఒక్క ఫోనూ వదలని రోజు అదే. అన్న ఫోను మాత్రం రాలేదు.

కోడుమూరు దాటాక గొర్రెల మంద అడ్డమొచ్చింది. హారన్ మీద చెయ్యి తీయలేదు. గొర్రెల కాపరి తిరిగి నన్నూ చూశాడు, కారునూ చూశాడు, తన నడక తనదే. దిగి అతని మీద పడి కొట్టాలనిపించింది. మంద కదిలేదాకా అన్న చెయ్యి వైరు మీద ఉన్నట్టూ, ఆ చెయ్యి వెనక్కి రానట్టూ కనపడుతూనే ఉంది. దేవుడికి ఏదో మొక్కుకున్నాను. అంతలోనే సిగ్గేసింది, ఆయన ఫోను కూడా నేను కట్ చేసి శానా కాలమైంది కదా అని.

మా చేను రోడ్డుకు కనపడుతుంది. కారు ఆపి చూస్తే మనిషి అలికిడి లేదు. స్టార్టరు బోర్డుకు అన్న చొక్కా తగిలించి ఉంది. ఆ జేబులో ఫోను వెలుగుతోంది, నేను చేస్తున్న ఫోనే. బోరు దగ్గర పటకారు, నల్ల టేపు చుట్ట, చెప్పుల జత పడి ఉన్నాయి. టమాటా చెట్ల మీద ఎక్కడో ఒక పిట్ట అరుస్తోంది. బోరు చుట్టూ తిరిగి చూశాను.

గట్టు అవతల, వేపచెట్టు కింద కాళ్లు కనపడ్డాయి. కదలని కాళ్లు. మొహం మీద తువ్వాలు కప్పి ఉంది. ఆ పది పదిహేను అడుగులు నేను నడిచానో, పాకానో చెప్పలేను. పాదం పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. అన్న తువ్వాలు తీసి, కళ్లు చికిలించి చూశాడు. అన్నం తిని కునుకు తీస్తున్నాడు.

"ఏంరా, ఈపొద్దు ఇట్లొచ్చినావు? ఎవురన్నా పోయినారా?" అన్నాడు.

పట్టుకున్న పాదం వదల్లేదు. "నేను మోటారు ఏసినానన్నా" అన్నాను.

"ఏస్తావని తెలుసులే" అన్నాడు. నడుముకున్న ఇంకో తువ్వాలు ముడి విప్పి చూపించాడు. మూడు ఫ్యూజులు, తెల్ల పింగాణీవి, ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడయ్యాయి.

ఇది మా పక్క రైతుల పద్ధతి. ఒంటరిగా వైరు పట్టుకోవాల్సి వస్తే ఫ్యూజులు పీకుతారు. పీకి అక్కడే పెట్టరు, నడుముకు కట్టుకుంటారు. దారిన పోయేవాడెవడో తెలియక తగిలిస్తాడని భయం. మనవాడనే మనిషి స్టార్టరు దగ్గర కాపలా ఉంటే ఆ అవసరం లేదు. నేను ఊళ్లో ఉన్న రోజుల్లో అన్న వైరు పట్టుకుంటే స్టార్టరు దగ్గర నేను నిలబడేవాణ్ణి. ఆయన ఫ్యూజుల వైపు చూసేవాడే కాదు.

"ఈపొద్దేనా పెరికింది?" అని అడిగాను.

"ఆ డబ్బా పెట్టిన కాణ్ణుంచి అంతే గదా."

"మరి ఫోన్ ఎందుకు చేస్తావన్నా?"

"చెప్పాల గదా అని చేస్తా. నువ్వు ఎత్తుతావని కాదు" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. నేను ఏడ్చాను. ఆయన నా వీపు మీద చెయ్యి వేసి, అన్నం తిన్నావా అని అడిగాడు.

మరుసటి వారమే ఆ డబ్బా పీకించేశాను. మంగళవారం షాపు మూసేసి ఊరికి వెళ్లడం మొదలుపెట్టాను. బేరాలు పోయాయి, పోనీ అనుకున్నాను. నెమ్మదిగా ఉండటం సుఖమని చెప్పేవాళ్లు ఎప్పుడైనా నెమ్మదిగా ఉన్నారో లేదో నాకు అనుమానం. మొదట్లో అది జ్వరంలా ఉండేది. నీళ్లు సాలు చివరికి చేరేదాకా పార పట్టుకుని నిలబడాలి, వాటిని తోసి పంపడానికి లేదు. నా చెయ్యి జేబులో లేని ఫోను కోసం వెతుక్కునేది. మోగని ఫోను మోగినట్టు చెవులకు వినపడేది. కొన్ని నెలలకు ఆ చెయ్యి ఊరుకుంది. ఒక సాలునుంచి ఇంకో సాలుకు నీళ్ల మడవ తిప్పుతూ, వదిన చెప్పే ఊరి సంగతులు వినడం వచ్చింది, వాటిలో విషయం లేకపోయినా. అన్నా నేనూ వేపచెట్టు కింద కూర్చుని మాట్లాడుకోకుండా ఉండటం కూడా వచ్చింది. దారిలో పడ్డాననే అనుకున్నాను.

పోయిన మంగళవారం మళ్లీ అదే అతుకు కాలింది. అన్న పటకారు తీసుకుని లేచాడు. ఆయన చెప్పకముందే వెళ్లి స్టార్టరు ఆపి, దాని పక్కన నిలబడ్డాను.

"నేను ఈడుండాన్లే అన్నా. నువ్వు చూసుకో" అన్నాను.

"సరే" అన్నాడు. దగ్గరికొచ్చి, నా భుజం పక్కనుంచి చెయ్యి చాపి, బోర్డులోంచి మూడు ఫ్యూజులూ ఒక్కొక్కటిగా పీకాడు. తువ్వాలులో ముడేసుకుని, నడుముకు బిగించుకుని, బోరు దగ్గర గొంతుక్కూర్చుని వైరు పట్టుకున్నాడు.