నేరమంతా మిరపకాయల మీదకే నెట్టాను

రెండో కోత కాయ కళ్లంలో ఆరబోస్తున్న రోజు మా కోడలు మాధవి ఉన్నట్టుండి గంప దించేసి నేల మీద కూర్చుంది. సగం గంపే అది. నుదుటి నిండా చెమట, పెదాలు నల్లబడ్డాయి, దగ్గు ఆగడం లేదు. "ఏందమ్మాయ్, ఏమైంది?" అన్నాను. "ఊపిరాడట్లేదత్తయ్యా" అంది. ఆ రోజు కళ్లంలో పన్నెండు మందిమి ఉన్నాం, పన్నెండు మందిమీ దగ్గుతున్నాం. "ఘాటే, కొంగు ముక్కుకి అడ్డం కట్టుకో" అన్నాను. కాసేపు కూర్చుని, కొంగు కట్టుకుని, మళ్లీ గంప ఎత్తుకుంది.

మాది గుంటూరుకి గంట దూరంలో ఉన్న ఊరు. నాలుగెకరాలు మిరప, రెండెకరాలు పత్తి. మా ఆయన పోయి పదకొండేళ్లయింది. అప్పటి నుంచి ఇంట్లో ఏ కాగితం మీదైనా సంతకం నాదే. బ్యాంకులో, ఎరువుల కొట్లో, మనవరాలి బడిలో కూడా. మా అబ్బాయి శీను మంచివాడే గానీ, ఎవరేమడిగినా "అమ్మనడగండి" అంటాడు. కోడలు మితభాషి. నాకు నోరెక్కువని ఊరంతా చెబుతుంది, అబద్ధమేమీ కాదు. అందరి మాటా నేనే మాట్లాడేసేదాన్ని.

మార్చిలో ఒకరోజు "వరసగా రెండుసార్లు నెల రాలేదత్తయ్యా" అని మెల్లగా చెప్పింది. కోతల కాలంలో ఆ ఎండకీ ఆ మంటకీ నెల తప్పుతుందని మా వైపు ఆడవాళ్లు ఎప్పుడూ అనుకునే మాటే. వయసులో ఉన్నప్పుడు నాకూ తప్పేది. "వేడి చేసిందిలే" అని సబ్జా నీళ్లు, పలచటి మజ్జిగ ఇచ్చాను. ఏప్రిల్లోనూ రాలేదు. ఇంకో గ్లాసు మజ్జిగ ఇచ్చాను. పెద్ద వైద్యురాలిని మరి.

మేలో ఆఖరి బస్తాలు కోల్డ్ స్టోరేజీకి వెళ్లిపోయాయి. కళ్లం ఊడ్చేశాం. ఇక ఘాటు లేదు, ఆమె దగ్గు మాత్రం పోలేదు. రెండు దిండ్లు ఎత్తు పెట్టుకుంటే తప్ప పడుకోలేకపోతోంది. పాదాలు వాచాయి. అప్పుడు భయం పట్టుకుని గుంటూరులో ఒక నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్లాను.

గుండె డాక్టరు స్టెత్ పెట్టి చాలాసేపు విన్నారు. ఈసీజీ, ఎకో తీయించారు. "చిన్నప్పుడు కీళ్లు వాచి జ్వరం వచ్చిందా అమ్మా?" అని అడిగారు. తొమ్మిదేళ్లప్పుడు వచ్చిందనీ, నెల రోజులు బడికి వెళ్లలేదనీ మాధవి చెప్పింది. "అది రుమాటిక్ ఫీవర్. అప్పుడే మీ వాల్వ్ దెబ్బతింది. మైట్రల్ స్టెనోసిస్, సివియర్. అంటే వాల్వ్ బాగా ఇరుకైపోయింది. ఊపిరితిత్తుల్లో ప్రెషర్ కూడా బాగా పెరిగింది" అన్నారు. మనవరాలు చిన్ని కడుపున ఉన్నప్పుడు కూడా మాధవికి ఆయాసం వచ్చేది. అందరికీ వచ్చేదేలే అనుకున్నాం. అది చెబితే ఆయన తల పట్టుకున్నారు.

తర్వాత నెల ఎప్పుడు వచ్చిందని అడిగారు. అడిగింది మాధవిని, జవాబు చెప్పింది నేను. "వేడి చేసి ఆగిపోయిందండీ, మిరగాయ కోతలు గదా." ఆయన నావైపు ఒకసారి చూసి, స్కానింగ్‌కి రాసిచ్చారు.

ఇరవై వారాల ఐదు రోజులు. స్కానింగ్ గదిలో బిడ్డ గుండె టకటకా కొట్టుకోవడం నేనూ విన్నాను.

బయటికొచ్చాక వరండాలోనే అరిచాను. "ఐదు నెలలు మోస్తన్నావ్, నీకు తెలియలేదటే?" పక్కన కూర్చున్నవాళ్లందరూ మావైపు తిరిగారు. మాధవి తల దించుకుని అంది, "అనుమానం వచ్చిందత్తయ్యా. ఈ మధ్య కదలిక కూడా తెలిసింది. మీరు వేడి అన్నారు గదా. మీ మాట కాదని పరీక్ష చేయించుకుంటే ఏమనుకుంటారోనని ఊరుకున్నా."

నా యాభై ఏడేళ్ల బతుకులో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. మా ఇంట్లో ఒక మనిషి తన కడుపు సంగతి తను చెప్పుకోవడానికి కూడా నాకు భయపడింది.

గుండె డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి విడమరచి చెప్పారు. "ఇకముందు గుండె మీద బరువు ఇంకా పెరుగుతుంది. ఈ వాల్వ్ తట్టుకోలేదు. బెలూన్ వేసి తెరుద్దామంటే గట్టిపడిపోయింది. ప్రెగ్నెన్సీ కొనసాగిస్తే తల్లి దక్కుతుందని నేను చెప్పలేను. టెర్మినేట్ చేసి, కోలుకున్నాక వాల్వ్ మార్చడం మంచిది." అదే నర్సింగ్ హోమ్‌లో కాన్పుల డాక్టరమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "ఇరవై వారాలు దాటింది. రేపు మా మీదకి కేసొస్తే ఎవరు చూస్తారండీ? కోర్టు ఆర్డర్ తెచ్చుకోండి. భర్తవి, మీవి సంతకాలు కూడా కావాలి" అంది.

కోర్టు అనగానే నాకు నా మాటలే గుర్తొచ్చాయి. పెళ్లికాని ఆడవాళ్లకు కూడా ఇరవై నాలుగు వారాల దాకా గర్భం తీయించుకునే హక్కు ఉంటుందని ఆమధ్య సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు టీవీల్లో రోజంతా ఒకటే చర్చ. మేం అప్పుడు మిరపకాయల తొడిమలు తీస్తున్నాం. "కోర్టులకి ఇంకేం పన్లేదా? కడుపులో బిడ్డని తీయించుకోవడం కూడా హక్కేనంటా?" అని పదిమందిలో పెద్దగొంతు వేసుకుని అన్నాను. మాధవి నా పక్కనే కూర్చుని తొడిమలు తీస్తోంది.

ఒంగోలులో ఉండే మా అక్క ఫోన్ చేసి, "గుండె కొట్టుకునే బిడ్డని తీయిస్తే పాపం చుట్టుకోదటే?" అని ఏడ్చింది. ఆమెని నేను తప్పుపట్టను. ఆ టకటక నా చెవుల్లోంచీ పోలేదు. ఆ బిడ్డ నా మనవడో మనవరాలో. శీను వచ్చి "అమ్మా, నువ్వే చెప్పు" అన్నాడు. "ముందు రిపోర్టులన్నీ సంచిలో పెట్టు" అని మాత్రమే అన్నాను.

కోర్టు ఆర్డర్ కోసం కాగితాలు, జిరాక్సులు అంటూ నాలుగు రోజులు తిరిగాం. ఐదో రోజు మంగళగిరిలో ఒక లాయరమ్మ దగ్గరికి వెళ్లాం. రిపోర్టులన్నీ చదివి ఆమె కోప్పడింది. "ప్రాణం మీదకొచ్చిన కేసండీ ఇది. తల్లి ప్రాణం కాపాడాల్సి వస్తే డాక్టర్లే నిర్ణయం తీసుకోవచ్చు, చట్టంలోనే ఉంది. ముందు పెద్దాసుపత్రికి పోండి. అక్కడా కాదంటే అప్పుడు హైకోర్టులో పిటిషన్ నేనే వేస్తా." ఆమె మాట పూర్తయ్యేలోపే మాధవి కుర్చీలో ముందుకు వాలిపోయింది. దగ్గితే గులాబీ రంగు నురగ వచ్చింది. లాయరమ్మే 108కి ఫోన్ చేసింది.

గుంటూరు పెద్దాసుపత్రిలో ఐసీయూలో పెట్టారు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందట, ఇంజక్షన్లతో లాగేశారు. మూడు రోజులకి మనిషి కాస్త తెరిపినపడింది. గుండె డాక్టర్లు, కాన్పుల డాక్టర్లు, మత్తు డాక్టరు కలిసి కూర్చుని మాట్లాడుకున్నారు. కోర్టు అక్కర్లేదన్నారు. ఇందులోనూ ప్రమాదం ఉందనీ, కానీ మోయడంలో ఉన్న ప్రమాదం అంతకంటే చాలా ఎక్కువనీ చెప్పారు.

అక్కడి కాన్పుల డాక్టరమ్మ ఫారం పట్టుకొచ్చింది. పెద్దావిడ, నా వయసే ఉంటుంది. అలవాటు కొద్దీ పెన్ను కోసం చెయ్యి చాచాను.

"మీకెందుకమ్మా పెన్ను?" అంది.

"మా ఇంట్లో సంతకాలన్నీ నావేనండి."

"ఇది పొలం కాగితం కాదు గదమ్మా." శీను ముందుకొస్తే అతన్నీ ఆపింది. "నీదీ అక్కర్లేదు నాయనా. ఆమె మేజర్, తెలివిగా ఉంది. చట్టం అడిగేది ఆమె ఒక్కదాని సంతకం. మీరిద్దరూ కాసేపు బయట కూర్చోండి, నేను ఆమెతో మాట్లాడాలి."

తల్లీకొడుకులం బయట బల్ల మీద కూర్చున్నాం. పావుగంట పట్టింది. మళ్లీ లోపలికి పిలిచేసరికి ఫారం మంచం మీద ఉంది. కింద 'ఎం. మాధవి' అని గుండ్రటి అక్షరాలు. మా ఇంటికొచ్చి ఎనిమిదేళ్లయింది. ఆమె సంతకం నేను చూడడం అదే మొదటిసారి.

మర్నాడు చేశారు. మనిషి దక్కింది. మూడో రోజు ఆమెకి పాలు వచ్చాయి. అలా వస్తాయని మాకెవరూ ముందుగా చెప్పలేదు. జాకెట్టు తడిసిపోతే చూసుకుని బావురుమంది. నేనూ ఆపుకోలేదు. ప్రాణం దక్కిందన్న సంతోషం ఒకవైపు ఉన్నా, ఆ బిడ్డ కోసం ఇద్దరం ఏడ్చాం. అది కూడా రాయకపోతే అబద్ధం రాసినట్టే.

నాలుగు నెలలకి వాల్వ్ మార్చారు. ఇప్పుడు రక్తం గడ్డకట్టకుండా రోజూ అసిట్రోమ్ మాత్ర, ఆ మందు సరిపోతోందో లేదో చూసే ఐఎన్ఆర్ పరీక్ష నెల నెలా. మధ్యలో ఒకసారి వారం పాటు రోజూ గోంగూర తినేసరికి మందు పని తగ్గి, ఐఎన్ఆర్ పడిపోయి మళ్లీ పరుగెత్తాం. "మానేయమనలేదు, ఒక్కసారిగా ఎక్కువ తినొద్దన్నాం" అని డాక్టరు కేకలేశారు. గోంగూర చేసింది నేనే, తిట్లు తిన్నదీ నేనే. కొత్త వాల్వ్ టిక్‌టిక్‌మంటుంది. చిన్ని వాళ్లమ్మ గుండెకి చెవి ఆనించి, గడియారం మింగావా అని అడుగుతుంది. మాధవి ఇప్పుడు కళ్లంలోకి రాదు, ఇంటి దగ్గర మిషన్ కుడుతుంది. టీవీలో ఆ చర్చ వస్తే మా అక్క ఇప్పటికీ పాపమే అంటుంది. నేను మాత్రం ఆ కేసులో ఉన్న మనిషిని ఎవరైనా అడిగారా లేదా అని చూస్తుంటాను.

మిరప కోతలకి వెళ్లే ఆడవాళ్లకి నేను చెప్పేది ఒకటే. నెల తప్పితే ఆ వారంలోనే మందుల షాపులో కిట్ కొనుక్కుని పరీక్ష చేసుకోండి. వేడి చేసిందని చెప్పే అత్తగారు ఇంట్లో ఉంటే, ఆమె ఇచ్చిన మజ్జిగ తాగండి, పరీక్ష మాత్రం మానొద్దు.

ఇది పత్రికకి పంపే ముందు మాధవి చేతికిచ్చి, "చదివి చూడు, వద్దంటే చింపేస్తా" అన్నాను. కుట్టు మిషన్ ఆపి మొత్తం చదివింది. ఆ రోజు లోపల డాక్టరమ్మతో ఏం మాట్లాడిందో నాకు తెలియదు గనుక, 'చిన్నికి తల్లి లేకుండా పోతుందని సంతకం పెట్టింది' అని నేనే ఊహించి రాసేశాను. ఆ వాక్యం దగ్గర ఆగి, నా చేతిలోని పెన్ను తీసుకుని కొట్టేసింది.

"చిన్ని కోసమొక్కటే కాదత్తయ్యా. నాకు బతకాలనుంది. ఆమెతో అదే చెప్పా. అట్టా రాయండి."

అలాగే రాశాను.