అరటిపండు కలిసిన టెన్నిస్ ఆట

2004. అమలాపురం గడియారస్తంభం దాటాక ఒక మేడ కింది గదిలో నేను వీడియో గేమ్ పార్లర్ నడిపేవాణ్ణి. నాలుగు టీవీలు, వాటికి నాలుగు కన్సోళ్లు. కన్సోల్ అంటే టీవీకి తగిలించే ఆట పెట్టె. చేత్తో పట్టుకుని నొక్కేదాన్ని కంట్రోలర్ అంటాం. వచ్చే కాలేజీ కుర్రాళ్లందరికీ తుపాకుల ఆటలే కావాలి. ఆ మోతకి పక్కనున్న టీకొట్టాయన కూడా విసుక్కునేవాడు.

మేడ మీద ఇంటిగలవాళ్లు ఉండేవారు. జయమణి టీచరుగారు హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ భర్త ప్రసాదం మాస్టారు ఒకప్పుడు బాల్ బ్యాడ్మింటన్‌లో పేరున్న ఆటగాడు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక మెట్లు దిగడమే మానేశారు.

ఒకరోజు టీచరుగారు సరాసరి పార్లర్లోకి వచ్చారు.

"సీనుగారూ, నెలాఖరుకి గది ఖాళీ చేసెయ్యండి. పొద్దస్తమానం ఈ చంపుకోడాలేంటండీ? మాస్టారికి కన్నంటుకోడం లేదు."

నాకున్న బతుకుతెరువు ఆ గదొక్కటే.

"ఒక్క అవకాశం ఇవ్వండి టీచరుగారూ. ఇంటిల్లిపాదీ కూర్చుని ఆడుకునే ఆట తెస్తాను. మీరే చూసి చెప్పండి."

"ఆటంటే ఏంటో నాకు తెలుసండి. నచ్చకపోతే మాత్రం ఖాళీ చెయ్యాలి మరి."

"ఆయ్, అలాగేనండి."

రాజమండ్రిలో డిస్కులమ్మే షాపుకి పరిగెత్తాను. కొత్తగా ఒక క్రాసోవర్ టెన్నిస్ వచ్చింది. క్రాసోవర్ అంటే వేరే వేరే ఆటల్లోని పాత్రలు ఒకే ఆటలోకి రావడం. మన భాషలో మల్టీస్టారర్. ఒక ఆటలో తేనె దొంగిలించే ఎలుగుబంటి, ఇంకో ఆటలో రాళ్లు మోసే రోబో, మరో ఆటలోని రాకుమారి, అందరూ రాకెట్లు పట్టుకుని దిగిపోయారు!

మా వ్యాపారంలో రివ్యూ చూడకుండా డిస్కు కొనం. షాపులో ఉన్న ఇంగ్లీషు పత్రికలు తిరగేస్తే అన్నీ దాన్ని ఉతికి ఆరేశాయి. బొమ్మలు ముద్దొస్తున్నాయట గానీ ఆటలో పస లేదట. అందరి కోపమూ అసిస్ట్ మీదే. అది ఆడలేనివాళ్లకి ఆటే చేసే సాయం. బొమ్మ తనంతట తానే బంతి దగ్గరికి పరిగెడుతుంది, మనం సమయానికి బటన్ నొక్కితే చాలు. అలాంటిది పెడితే ఇక నైపుణ్యానికి విలువేముందని వాళ్ల బాధ.

నాకు నవ్వొచ్చింది. ఇది మనం ఎరగనిదా? ఏ పెరట్లో పిల్లలాడుకున్నా చంటివాణ్ణి పొమ్మనరు, ఆటలో అరటిపండుగా కలుపుకుంటారు. వాడు దొరికినా దొంగ కాడు. ఇంక ఆలోచించకుండా కొనేశాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక టీచరుగారు కిందికి దిగారు. వెనకాల కర్ర పట్టుకుని మాస్టారు! "ఈయన ఊరికే చూట్టానికొచ్చేరండి," అన్నారావిడ. ఆవిడకి బాగా నచ్చాలని నేను ముందే అసిస్ట్ పెట్టి ఉంచాను. రెండు బంతులు ఆడారో లేదో పట్టేశారు.

"నేను కదపకుండానే ఈ ఎలుగ్గొడ్డు ఎలా పరిగెడతందండీ?"

చెప్పక తప్పలేదు.

"నన్ను అరటిపండుని చేసేరా? ఊళ్లో సగం మందికి ఆటలు నేర్పేనండి నేను! తీసెయ్యండి."

తీసేశాను. ఆ తర్వాత కొట్టిన ప్రతి బంతీ నెట్టుకే తగిలింది. ఆవిడ మొహం చూశాక, ఇక సామాను సర్దుకోవడమే అనుకున్నాను.

అప్పుడు మాస్టారు మెల్లిగా అన్నారు. "మణీ, ఆ అరటిపండేదో నాకిమ్మను."

నేను స్టూలు జరిపి, కంట్రోలర్ దాని మీద పెట్టి, బంతి కొట్టే బటన్ ఎడమ చేతికందేలా మార్చాను. నేనూ మాస్టారూ ఒక జట్టు. టీచరుగారు, కాలేజీ కుర్రాడొకడు అవతలి జట్టు. మాస్టారి మొదటి బంతి పోయింది. రెండోదానికి రాకుమారి ఎగిరింది, ఆయన నొక్కారు. బంతి ఎలుగుబంటికీ రోబోకీ మధ్యలోంచి దూసుకుపోయింది!

"చూసేవా మణీ? ఇద్దరూ పక్కలకి పోతే నడిమధ్యన కొట్టాలి!"

తుపాకుల ఆటలన్నీ ఆగిపోయాయి. కుర్రాళ్లంతా మా చుట్టూ చేరి ఈలలు వేశారు. టీచరుగారు కళ్లు తుడుచుకుని, "సర్వీసు నాదండి!" అని అరిచిన అరుపు టీకొట్టు దాకా వినబడింది. ఆ మోతకి మాత్రం ఎవరూ విసుక్కోలేదు.

గది ఖాళీ చెయ్యడం మాట మళ్లీ రాలేదు. తుపాకుల ఆటలు ఒక్క టీవీకి, అదీ సౌండు తగ్గించి, పరిమితమయ్యాయి. మలికిపురం నుంచి కూడా కుటుంబాలు రావడం మొదలుపెట్టాయి. మాస్టారు రోజూ సాయంత్రం దిగేవారు. వానాకాలం వెళ్లాక ఒకరోజు కూర్చుంటూనే అన్నారు.

"సీనూ, ఇవాళ నా అరటిపండు తీసెయ్యి బాబూ."

తీసేశాను. వరసగా బంతులు పోయాయి. చివరికి ఒకదానికి రాకుమారిని ఆయనే పరిగెత్తించి, ఆయనే కొట్టారు. టీచరుగారికి అందలేదు. "లైను బయటండి!" అని ఆవిడ గొడవ. "లోపలే!" అని మా అందరి గొడవ.

ఆ పత్రికలు ఆటకి నాలుగు మార్కులేసినా, రెండు మార్కులేసినా నాకు పట్టింపు లేదు. కొత్త డిస్కు వస్తే, ఆడలేనివాళ్లని ఇది కలుపుకుంటుందా లేదా అని ముందు చూస్తాను. అరటిపండుగానైనా కలుపుకుంటేనే కదండీ, ఏదో ఒకరోజు అది తీసెయ్యమని అడిగేది.